వెండి ఊరిలో ఒక మేడ – మన రూపాయి

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా పంపమని మన కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేశారు. మన గుళ్ళ గురించీ కోటల గురించీ మిత్రులు ఏటా రాస్తూనే ఉన్నారు కనుక, 2023 జూలైలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో నేను చూసిన ఒక పాత మేడ గురించి రాస్తున్నాను. అమెరికా యాత్ర అనగానే పాఠక మిత్రులు పేజీ తిప్పేయవద్దని మనవి. నయాగరా జలపాతం ముందు నిలబడి తీయించుకున్న ఫోటోల సంగతి కాదిది. ట్రెజరీలో ముప్ఫై మూడేళ్ళు చలానాలతో, బిల్లులతో కాలక్షేపం చేసిన నాకు ఆ మేడలో మన రూపాయి కనిపించింది. మన పెన్షన్ కూడా కనిపించింది.

మా అమ్మాయి, అల్లుడు డెన్వర్ నగరంలో ఉంటారు. అక్కడి నుంచి పడమటికి సుమారు 45 మైళ్ళు కొండల్లోకి వెళితే జార్జ్‌టౌన్ అనే చిన్న ఊరు వస్తుంది. సముద్ర మట్టానికి దాదాపు 8,500 అడుగుల ఎత్తు. అంటే మన తిరుమల కొండకు మూడింతలు. కారు దిగి పది అడుగులు వేసేసరికి ఆయాసం వచ్చింది. "మామయ్య గారూ, నెమ్మదిగా నడవండి, గాలి పలచన" అని అల్లుడు చెబుతూనే ఉన్నాడు. మా ఆవిడ మాత్రం కారులోనే కూర్చుని, మీరు చూసి రండి, నేను కొండలు చూస్తాను అంది. కొండలు నిజంగానే చూడదగ్గవి. ఇరుకైన లోయ, రెండు పక్కలా నిలువుగా లేచిన రాతి గుట్టలు, నడుమ క్లియర్ క్రీక్ అనే ఏరు. ఇప్పుడు ఊరి జనాభా వెయ్యికి కాస్త అటూ ఇటూ. ఒక పెద్ద గ్రామ పంచాయతీ అంత కూడా లేదు.

ఒకప్పుడు ఈ లోయలన్నీ యూట్, అరపాహో అనే స్థానిక జాతుల వారివి. 1859లో గ్రిఫిత్ సోదరులు ఇక్కడ బంగారం కనుగొన్నారు. వారిలో జార్జ్ పేరు మీదే ఊరికి ఆ పేరు. బంగారం పెద్దగా లేదు గాని, 1864లో ఎగువ కొండల్లో వెండి బయటపడింది. ఇక జనం పోటెత్తారు. ఊరికి "వెండి రాణి" అనే బిరుదు కూడా వచ్చింది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతం నుంచి తరతరాలుగా గనిపని తెలిసిన వారు వలస వచ్చారు. కొవ్వొత్తి వెలుగులో ఒక చేత్తో ఉలి పట్టుకుని, మరో చేత్తో సుత్తి దెబ్బలు వేస్తూ రాతిలో రంధ్రం చేయడం, అందులో మందు కూరి పేల్చడం, పగిలిన రాయిని బయటికి మోయడం, ఇదీ పని. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మధ్య వయసులోనే మంచాన పడిన వారు ఎందరో. వారికి పెన్షన్ అనేది లేదు.

ఇప్పుడు మేడ సంగతి. దాని పేరు హ్యామిల్ హౌస్. 1867లో జోసెఫ్ వాట్సన్ అనే ఆయన మామూలు ఇల్లుగా కట్టాడు. 1874లో అది ఆయనకు బావమరిది వరుసైన విలియం హ్యామిల్ చేతికి వచ్చింది. ఈ హ్యామిల్ గనుల వ్యాపారి, తర్వాత రాష్ట్ర సెనేటర్ కూడా. గని తవ్వినవాడి కంటే గనుల తగాదాలు తెలిసినవాడే బాగుపడ్డ రోజులవి. ఒకే కొండలో పక్కపక్కన ఉన్న పెలికన్, డైవ్స్ అనే రెండు గనుల వారు వెండి రాతి తీగ మాదంటే మాదని ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోట్లాడుకున్నారు. 1875లో ఈ తగాదా తుపాకి దాకా వెళ్ళి ఒక యజమాని ప్రాణం పోయింది. చివరికి ఆ గనుల మీద పెత్తనం హ్యామిల్‌కు దక్కింది. మన పల్లెల్లో గట్టు తగాదాలు చూసిన వారికి ఇది విడమరచి చెప్పనక్కర లేదు.

1879 నుంచి 1885 వరకు హ్యామిల్ ఆ ఇంటిని పెంచుతూ పోయాడు. కోసుగా లేచిన చూరులు, వాటి అంచుకు చెక్కపని, చూడగానే క్రైస్తవ ప్రార్థనా మందిరమా అనిపించే కిటికీలు. లోపల వాల్‌నట్ కర్ర పని, పాలరాతి పొయ్యి గూళ్ళు, గ్యాసు దీపాలు, గొట్టాల్లో వేడినీళ్ళు చన్నీళ్ళు, ఇల్లంతా వెచ్చబరిచే ఏర్పాటు. అంత చలిలో, అంత ఎత్తున, నూట నలభై ఏళ్ళ కిందట! గోడల మీది కాగితం దగ్గరగా చూస్తే ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. ఒక పక్క మొక్కల కోసం కట్టిన అద్దాల గది ఉంది. దాని పైకప్పు అద్దాలు వంపు తిరిగి ఉంటాయి. సామాను అంతా బళ్ళ మీద కొండెక్కిన కాలంలో వంపు అద్దాలు పగలకుండా ఇక్కడికి ఎలా తెచ్చారో అని మా మనవడు అడిగాడు. నేనూ అదే అనుకుంటున్నాను. మేడ మీద పిల్లల చదువు గది ఉంది. పెరట్లో గ్రానైటు రాళ్ళతో కట్టిన ఆఫీసు భవనం, గుర్రబ్బళ్ళ సాల ఉన్నాయి.

ఆ ఆఫీసు భవనం ముందు నేను కాసేపు నిలబడ్డాను. ఇంటి కంటే అదే నాకు నచ్చింది. గుమాస్తాగా బతికిన వాడికి ఆఫీసు మీదే కదా కన్ను పడేది! ఈ ఇల్లంతా ఆ గదుల్లోని లెక్కల పుస్తకాల మీద నిలబడింది గదా అనిపించింది.

ఇంకో విశేషం చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. పెరట్లో దొడ్డి ఉంది. ఆరుగురు కూర్చునే ఏర్పాటు. దాన్ని రెండు భాగాలు చేశారు. యజమాని కుటుంబం వైపు పీటలు వాల్‌నట్ కర్రవి, పనివారి వైపు పీటలు పైన్ కర్రవి. గోడ ఒకటే, గొయ్యి ఒకటే, పీట మాత్రం వేరు. చూడవచ్చిన అమెరికన్లు నవ్వుకుంటూ ఫోటోలు తీసుకున్నారు. మా ఆఫీసులో గెజిటెడ్ అధికారుల మరుగుదొడ్డికి వేరే తాళం ఉండేది. అది గుర్తుకొచ్చి నేనూ నవ్వాను.

మాకు ఇల్లు చూపించినావిడ డెబ్బై దాటిన పెద్ద మనిషి. జీతం తీసుకోకుండా సేవగా ఈ పని చేస్తున్నారట. ఓపికగా అన్నీ చెప్పి, చివరికి "1893లో వెండి కొనుగోలు చట్టం రద్దయింది, వెండి ధర కూలిపోయింది, గనులు మూతపడ్డాయి, హ్యామిల్ కూడా చితికిపోయాడు" అన్నారు. నేను ఊరుకోలేక, "అమ్మా, గనులు ఏ నెలలో మూశారు?" అని అడిగాను. జూన్ ఆఖరులోనే మొదలైందని ఆవిడ చెప్పారు. "మరి చట్టం రద్దయింది నవంబరు 1న కదా?" అన్నాను.

ఏ ఫైలు చూసినా ముందు తేదీలు చూడటం మనకు అలవాటు. నవంబరులో వచ్చిన ఉత్తర్వుకు జూన్‌లో అమలు జరగదు. ఈ మధ్యలో ఒక కాగితం ఉండాలి. ఆ కాగితం మన దేశానిది. బి.ఎ.లో ఎకనామిక్స్ చదివిన మిత్రులకు హెర్షెల్ కమిటీ అనే పేరు గుర్తుండే ఉంటుంది. పరీక్షకు పది మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టాం. దానికీ ఈ కొండ ఊరికీ లంకె ఉందని అప్పుడు ఎవరు చెప్పారు?

కాస్త వెనక్కి వెళ్దాం. 1835 చట్టం ప్రకారం ఇంగ్లీషు రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అందులో అచ్చమైన వెండి 165 గ్రెయిన్లు. మన తులం అంటే ఆ రూపాయి బరువే. నూట ఇరవై రూపాయలు తూస్తే వీశె. ఆనాడు ఎవరైనా సరే, వెండి తీసుకెళ్ళి కలకత్తాలోనో బొంబాయిలోనో టంకశాలలో ఇస్తే, కొద్దిపాటి రుసుము పట్టుకుని రూపాయలు కొట్టి ఇచ్చేవారు. కనుక రూపాయి విలువ అంటే అందులోని వెండి విలువే. ప్రపంచంలో ఏ మూల తవ్విన వెండికైనా మన టంకశాల తలుపులు తెరిచే ఉండేవి.

1870 తర్వాత కథ మారింది. జర్మనీ బంగారు నాణేనికి మారి తన వెండిని అమ్మడం మొదలు పెట్టింది. 1873లో అమెరికా కూడా వెండి డాలరు ముద్రణకు వీడ్కోలు చెప్పింది. అదే సమయంలో నెవాడా, కొలరాడో కొండల నుంచి వెండి వరదలా వచ్చిపడింది. ధర దిగజారింది. దానితో పాటే రూపాయి. 1873-74లో రూపాయికి 22 పెన్నీల పైచిలుకు వచ్చేది. 1892-93 నాటికి 15 పెన్నీలు కూడా రాలేదు. అంటే హ్యామిల్ గారి గనిలో రాలిన ప్రతి గంపెడు రాయీ, ఎంత స్వల్పంగానైనా, మన తాతల చేతిలోని రూపాయిని తేలిక చేసింది.

గనుల యజమానులను ఆదుకోవడానికి అమెరికా ప్రభుత్వం 1878లో ఒక చట్టం, 1890లో మరో చట్టం చేసింది. రెండో దాని ప్రకారం సర్కారు నెలకు 45 లక్షల ఔన్సుల వెండి కొనాలి. మేడను పెంచడం మొదలు పెట్టింది 1879లో అని పైన రాశాను. మొదటి చట్టం వచ్చిన మరుసటి సంవత్సరం. పాఠకులు గమనించగలరు.

ఇక మన వైపు. ఇండియా ప్రభుత్వం ప్రతి సంవత్సరం లండనుకు "హోం చార్జీలు" కట్టాలి. రైల్వేల హామీ వడ్డీ, అప్పుల మీద వడ్డీ, ఇండియా కోసం అక్కడ కొన్న సామగ్రి, సైన్యం ఖర్చు, వీటన్నిటితో పాటు ఇక్కడ పనిచేసి ఇంగ్లండు వెళ్ళిపోయిన దొరల పెన్షన్లు, సెలవు జీతాలు. వసూలు రూపాయల్లో, అంటే వెండిలో. చెల్లింపు పౌండ్లలో, అంటే బంగారంలో. 1892-93లో పంపింది సుమారు 1 కోటి 65 లక్షల పౌండ్లు. అందుకు అయిన ఖర్చు దాదాపు 26 కోట్ల 48 లక్షల రూపాయలు. 1873-74 నాటి మారకం రేటే ఉండి ఉంటే 17 కోట్ల 75 లక్షలతో సరిపోయేది. తేడా 8 కోట్ల 73 లక్షలు. ఆ రోజుల్లో ఆ కోట్లు శిస్తు రూపంలో, ఉప్పు పన్ను రూపంలో మన రైతు, మన కూలీ కట్టినవే.

లోటు భరించలేక సర్కారు దారి వెతికింది. హెర్షెల్ ప్రభువు అధ్యక్షతన లండనులో కమిటీ కూర్చుంది. కమిటీ సమ్మతించింది. 1893 జూన్ 26న సిమ్లాలో, లాన్స్‌డౌన్ వైస్రాయిగా ఉండగా, చట్టం చేసి టంకశాల తలుపులు మూసేశారు. ఇక మీదట జనం వెండి తెస్తే నాణెం కొట్టేది లేదు. రూపాయలు తక్కువగా కొడితే రూపాయి దానంతట అదే పైకి లేస్తుందని ఎత్తుగడ.

తంతి వార్త ప్రపంచమంతా పాకింది. ఔన్సు వెండి 83 సెంట్లున్నది నాలుగు రోజుల్లో 62 సెంట్లకు పడిపోయింది. కొలరాడో గని యజమానులు జూన్ నెల ముగియక ముందే గనులు మూయాలని నిర్ణయించుకున్నారు. జూన్ 30న అధ్యక్షుడు క్లీవ్‌లాండ్, వెండి కొనుగోలు చట్టం రద్దుకై కాంగ్రెసును ఆగస్టు 7న ప్రత్యేకంగా సమావేశపరుస్తూ ప్రకటన చేశాడు. జూలై మధ్యలో డెన్వర్‌లో మూడు రోజుల్లో పన్నెండు బ్యాంకులు తలుపులు మూశాయి. పని పోయిన గని కూలీలు మూటా ముల్లె సర్దుకుని కొండలు దిగి డెన్వర్ చేరితే, అక్కడ వారికి గుడారాలు వేసి తిండి పెట్టాల్సి వచ్చింది. నవంబరు 1న రద్దు చట్టం మీద సంతకం పడే సరికే వెండి ఊళ్ళు సగం ఖాళీ.

న్యాయంగా చెప్పాలంటే నేరమంతా సిమ్లాదే కాదు. ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే అమెరికాలో ఒక పెద్ద రైల్వే కంపెనీ దివాలా తీసింది, మే నెలలో షేర్ల బజారు కుప్పకూలింది. కాని వెండి ఊళ్ళకు జూన్ ఆఖరులో పడిన దెబ్బ మాత్రం మన టంకశాలల తలుపు చప్పుడే.

ఇదంతా నేను ఆ పెద్దావిడకు నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, ఒక కాగితం ఇచ్చి తేదీలు వరసగా రాసి ఇవ్వమన్నారు. నోట్ ఫైలులో రాసినట్టు ఒకటి, రెండు అని వేసి రాసి ఇచ్చాను. సంతకం కూడా పెట్టబోయాను, మా అమ్మాయి ఆపింది.

తిరుగు ప్రయాణంలో అల్లుడు ఒక మాట అన్నాడు. "అంటే ఇంగ్లండులో రిటైరైన దొరల పెన్షన్ కోసం ఈ ఊరు మునిగిందన్న మాట!" ఆ మాట నన్ను గుచ్చింది. అంత సూటిగా చెప్పలేం, హోం చార్జీల్లో పెన్షన్లు ఒక భాగమే అన్నాను. అయినా ఆలోచన వదల్లేదు. పెన్షన్ భిక్ష కాదు, చేసిన సేవకు హక్కు అని మనం ఎన్ని ధర్నాల్లో అనలేదు! ఆ దొరలూ తమకు అది హక్కనే అనుకుని ఉంటారు. వారి హక్కు గురించి నాకు పేచీ లేదు. కాని రూపాయి పడిపోయిన నష్టం వారి మీద ఒక్క పైసా పడకుండా, ఆ భారం ఎన్నడూ ఇంగ్లండు మొహం చూడని రైతు మీద పడింది. అది నేను ఒప్పుకోలేను.

పైగా ఇంకొకటి జరిగింది. ఇక్కడ ఉద్యోగంలో ఉన్న యూరోపియన్ అధికారులు రూపాయి పడిపోయి ఇంటికి డబ్బు పంపలేకపోతున్నామని మొర పెట్టుకుంటే, అదే 1893లో "ఎక్స్ఛేంజ్ కాంపెన్సేషన్ అలవెన్సు" మంజూరైంది. జీతంలో సగం మేరకు రూపాయికి 18 పెన్నీల లెక్కన సర్దుబాటు చేశారు. మన కరువు భత్యం వంటిదే అనుకోండి. అదే ఆఫీసులో వారి పక్కన కూర్చుని రాసే మన గుమాస్తాలకు మాత్రం అది వర్తించలేదు. ఫైళ్ళు మోసింది మనవాళ్ళే అయినా సరే. హ్యామిల్ గారి దొడ్డిలో వాల్‌నట్ పీట, పైన్ పీట మళ్ళీ గుర్తుకొచ్చాయి.

మన పల్లెలకు జరిగిన నష్టం ఎవరూ మేడ కట్టి చూపించరు. ఆనాటి రైతు కుటుంబానికి బ్యాంకు లేదు. పంట బాగా వచ్చిన ఏడు నాలుగు రూపాయలు మిగిలితే కడియాలో మురుగులో మొలతాడో చేయించేవారు. కరువు వస్తే అవే అమ్ముకునేవారు. టంకశాలలు తెరిచి ఉన్నంత కాలం తులం వెండికి కాస్త అటూ ఇటూగా రూపాయి వచ్చేది. మూసిన తర్వాత రూపాయి బిళ్ళ విలువ ఒకటి, అంతే బరువున్న కడియం విలువ మరొకటి అయిపోయింది. 1896-97లో కరువు వచ్చి దత్త మండలాలు, ఉత్తర సర్కారులు అల్లాడినప్పుడు అమ్మబోయిన వెండికి పాత ధర లేదు. ఈ సంగతిని ఆనాటి మన జాతీయ నాయకులు ఎత్తి చూపారు. రూపాయి సమస్య మీద డాక్టర్ అంబేద్కర్ 1923లో గ్రంథమే ప్రకటించారు. ఆసక్తి ఉన్న వారు చదవవచ్చు. కష్టమైన పుస్తకమే గాని, ఖాతాలు తెలిసిన మనవాళ్ళకు అందుతుంది. సర్కారు మాత్రం అనుకున్నది సాధించింది. 1898 నాటికి రూపాయి 16 పెన్నీలకు చేరి, పౌనుకు పదిహేను రూపాయలు స్థిరపడింది.

హ్యామిల్ తిరిగి కోలుకోలేదు. 1904లో చనిపోయాడు. ఇల్లు చేతులు మారింది. ఒక రకంగా ఊరి దరిద్రమే ఊరిని కాపాడింది. డబ్బున్న చోట పాతవి పడగొట్టి కొత్తవి కడతారు. ఇక్కడ పడగొట్టడానికి కూడా ఎవరి దగ్గరా డబ్బు లేకపోయింది. పైగా స్వచ్ఛందంగా పనిచేసే అగ్నిమాపక దళాలు మొదటి నుంచీ గట్టివి కావడం వల్ల, మిగతా గని ఊళ్ళలా ఇది తగలబడిపోలేదు. అందుకే ఆ కాలపు కట్టడాలు రెండు వందలకు పైగా నిలిచి ఉన్నాయి. 1966లో ఈ ఊరినీ, పక్కనున్న సిల్వర్ ప్లూమ్‌నూ కలిపి జాతీయ చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. 1971లో "హిస్టారిక్ జార్జ్‌టౌన్" అనే సంస్థ హ్యామిల్ మేడను తీసుకుని బాగు చేయించింది.

వెండికి మాత్రం ఇంకో ప్రయాణం మిగిలింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో వెండి రూపాయలకు కటకట వచ్చింది. నోట్లు తెచ్చి బిళ్ళలు ఇమ్మని జనం కరెన్సీ ఆఫీసుల ముందు గుమిగూడారు. 1917 చివర్లో రూపాయి నోటు, మరుసటి ఏడు రెండున్నర రూపాయల నోటు వచ్చింది ఆ ఇబ్బందిలోనే. అప్పుడు బ్రిటిష్ వారు అమెరికాను అడిగారు. 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి, అమెరికా తన ఖజానాలో మూలుగుతున్న వెండి డాలర్లు దాదాపు 26 కోట్లు కరిగించి, సుమారు 20 కోట్ల ఔన్సుల వెండిని ఇండియా కోసం అమ్మింది. ఆ డాలర్లు చాలావరకు 1878, 1890 చట్టాల కింద కొన్న వెండితో కొట్టినవే. పాతికేళ్ళ కిందట వద్దని తలుపు మూసిన టంకశాలలకే కొలరాడో వెండి, నెవాడా వెండి ఓడలెక్కి వచ్చి రూపాయలైంది. మా నాయనమ్మ దాచుకున్న అయిదో జార్జి రూపాయల్లో 1918, 1919 సంవత్సరాలవి ఏడు ఉన్నాయి. మా ఆవిడ వాటిని కరిగించి పట్టాలు చేయిద్దామంటే నేనే వద్దన్నాను.

డెన్వర్ వైపు పిల్లలున్న మిత్రులు తప్పక చూడండి. మేడ లోపల వేసవి నెలల్లో చూడనిస్తారు. ముందుగా ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. ఎత్తు ప్రదేశం కనుక గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు డాక్టరును అడిగి వెళ్ళాలి. నీళ్ళు బాగా తాగాలి. జూలైలో కూడా స్వెట్టరు అవసరమే. జార్జ్‌టౌన్ నుంచి సిల్వర్ ప్లూమ్ దాకా 1884లో వేసిన చిన్న రైలు మార్గం ఒకటి ఉంది. ఎత్తు ఎక్కలేక తన వంతెన కిందనుంచే తాను చుట్టు తిరిగి వెళుతుంది. 1939లో పట్టాలు పీకేసినా, మళ్ళీ వేసి 1984లో నడిపారు. మేడ మెట్లు ఎక్కలేని వారు కింది గదులు, అద్దాల గది, పెరట్లో ఆఫీసు భవనం చూస్తే చాలు.